గవ్వలపేటలో అట్లాంటిక్ తుఫాను

అక్టోబరు 14, మంగళవారం ఉదయం పదకొండు గంటల ఇరవై నిమిషాలకు గవ్వలపేట ఐసు ఫ్యాక్టరీ దగ్గరున్న నల్లబల్లలో ఎడమ సగాన్ని ప్రభుత్వం స్వాధీనం చేసుకుంది. కుడి సగాన్ని వదిలేసింది.

వచ్చినవాళ్లు బల్ల మొత్తాన్ని జీపులో వేసుకుపోదామనే వచ్చారు. తీరా చూస్తే అది బల్ల కాదు. ఫ్యాక్టరీ గోడకు నల్లరంగు పూసి, మధ్యలో తెల్లగీత గీశారు. బల్లను తీసుకుపోవాలంటే గోడను తీసుకుపోవాలి. గోడను తీసుకుపోతే ఐసు కరిగిపోతుంది. నోటీసులో ఐసు ప్రస్తావన లేదు.

ఆ బల్ల మీద తొమ్మిదేళ్లుగా రాస్తున్నవాడు చింతపల్లి తవిటయ్య. ఐసు ఫ్యాక్టరీలో మిషను ఆపరేటరు. వయసు యాభై ఆరు. ఎప్పుడో పాత ఓడను విప్పి సామాన్లు అమ్మినప్పుడు గాలి బరువు చూపించే యంత్రం ఒకటి కొన్నాడు. గుండ్రంగా, గోడ గడియారంలా ఉంటుంది. రేవులో దాన్ని తవిటయ్య గడియారం అంటారు. ముల్లు కిందికి దిగితే సముద్రం మీద తుఫాను ఉన్నట్టు. దాన్ని చూసి, ఫోనులో మబ్బుల పటం చూసి, పొద్దున ఏడింటికి ఒకసారి, సాయంత్రం నాలుగింటికి ఒకసారి బల్ల మీద రాస్తాడు. రాసింది వైర్‌లెస్ సెట్టులో చదువుతాడు. వేటకు వెళ్లిన పడవల్లో బ్యాటరీ అయిపోకుండా ఆ రెండు వేళల్లోనే సెట్టు విప్పి వింటారు. తొమ్మిదేళ్లలో పద్నాలుగుసార్లు పడవల్ని వెనక్కి రమ్మన్నాడు. పదకొండుసార్లు తుఫాను వచ్చింది. రాని మూడుసార్లూ రేవంతా అతన్ని వారం రోజులు 'వాయుగుండం' అని పిలిచింది.

గీతకు ఎడమవైపు మన సముద్రం. కుడివైపు అట్లాంటిక్.

అట్లాంటిక్ ఎందుకంటే, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో బంగాళాఖాతంలో పెద్ద తుఫాన్లు తక్కువ. అట్లాంటిక్‌లో అదే సీజను. చేతికి పని కావాలి కాబట్టి తవిటయ్య అటు చూడటం మొదలుపెట్టాడు. ఆఫ్రికా దగ్గర పుట్టిన తుఫాను ఎక్కడ తిరుగుతుందో, ఏ దీవి మీదికి పోతుందో రోజూ రాసేవాడు. తన లెక్క కుదిరిన రోజు భోజనం దగ్గర రెండోసారి అన్నం పెట్టించుకునేవాడు.

"ఆ సముద్రంలో నీకెవులున్నారని?" అనేది భార్య పోలమ్మ. "నీ బామ్మర్దులెవులైనా ఏటకెల్లినారేటి?"

ఆమె ఎండుచేపలు అమ్ముతుంది. తవిటయ్యకు ఒక్కడే బామ్మర్ది, పోలమ్మ తమ్ముడు. పేరు కొర్లయ్య. పద్నాలుగు మరపడవల జట్టును నడిపే సరంగు. ఆ మంగళవారం కొర్లయ్య నడిసముద్రంలో ఉన్నాడు. ఆదివారం బయల్దేరేటప్పుడు ఆరు రోజులకు సరిపడా ఐసు ఎక్కించింది తవిటయ్యే. ఆరు రోజుల ఐసు ఎక్కించినవాడు శనివారం దాకా రాడు. పడవకు ఆరుగురు చొప్పున ఎనభై నలుగురు మనుషులు.

నోటీసు సంగతి తెలియాలంటే జులైలోకి వెళ్లాలి.

జులైలో జిల్లా కేంద్రంలో సమీక్ష జరిగింది. రాజధాని నుంచి వచ్చిన పెద్ద అధికారి ఒకే ప్రశ్న అడిగారు.

"మీ జిల్లాలో వాన పడిందా, లేదా?"

ముప్పై ఎనిమిది మండలాల నుంచి ముప్పై ఎనిమిది జవాబులు వచ్చాయి. ఒకచోట పడింది. ఒకచోట పడలేదు. ఒకచోట పడుతూ ఉంది.

"ఒక్క జిల్లాకు ఇన్ని వాతావరణాలెందుకు?" అన్నారాయన.

అది ప్రశ్నో, వేళాకోళమో ఎవరూ అడగలేదు. అందరూ రాసుకున్నారు. ఆగస్టులో 'ఒకే జిల్లా - ఒకే వాతావరణం' అమల్లోకి వచ్చింది. జిల్లా కేంద్రంలో వాన కొలిచే గొట్టం, గాలి కొలిచే గిన్నెలు పెట్టారు. అవి చూపించిందే ముప్పై ఎనిమిది మండలాలకూ వాతావరణం.

ప్రారంభోత్సవం నాడు వాన. అతిథులు తడవకూడదని సభను కార్యాలయం పోర్టికో కిందికి మార్చారు. అతిథులతోపాటు పరికరం కూడా లోపలికి వచ్చింది. శిలాఫలకం అక్కడే వేశారు. శిలాఫలకం ఉన్నచోటు నుంచి ప్రారంభించిన వస్తువును కదపడానికి నిబంధనలు ఒప్పుకోవు. వారం తర్వాత పావురాలు వాలుతున్నాయని పరికరానికి అద్దాల పెట్టె చేయించారు.

ఆ రోజు నుంచి జిల్లాలో వాన లేదు. గాలి కూడా లేదు.

సెప్టెంబరులో ఒక హెడ్మాస్టరు తరగతి గదుల్లోకి నీళ్లొచ్చాయి, సెలవు కావాలని రాశాడు. 'జిల్లాలో వాన లేనందున సదరు నీరు ఎచ్చట నుండి వచ్చినదో విచారించి తెలుపవలెను' అని జవాబు వచ్చింది. గొడుగుతో ఆఫీసుకు వచ్చిన గుమస్తాకు మెమో ఇచ్చారు. మర్నాడు అతను గొడుగు లేకుండా తడిసి వచ్చాడు. దానికి ఇంకో మెమో ఇచ్చారు.

సెప్టెంబరు 30న తవిటయ్య బల్ల మీద రాసింది: 'నిన్న వాన అరవై రెండు మిల్లీమీటర్లు.' దాన్ని ఎవరో ఫొటో తీశారు. ఫొటో జిల్లా కేంద్రానికి చేరింది. రెండు వారాల్లో నోటీసు తయారైంది.

నోటీసు తెచ్చినాయన జిల్లా వాతావరణ ఏకీకరణ ప్రత్యేకాధికారి విశ్వంభరరావు. ఆయన వెంట గ్రామ రెవెన్యూ అధికారి లింగమూర్తి. లింగమూర్తిది పక్క ఊరే. వారానికి రెండుసార్లు పోలమ్మ దగ్గర ఎండు మెత్తళ్లు కొంటాడు. నోటీసు చదివే పని ఆయన మీద పడింది.

"గవ్వలపేట కాపురస్తుడు చింతపల్లి తవిటయ్య, తండ్రి అప్పన్న, అను వ్యక్తి జిల్లా వాతావరణమునకు భిన్నముగా సమాంతర వాతావరణమును నెలకొల్పి, దానిని రోజుకు రెండు పర్యాయములు నడుపుచున్నట్లు..."

"నాను నడపట్లేదు బాబూ," అన్నాడు తవిటయ్య. "అదే నడుస్తంది. నాను రాస్తన్నాను."

"రాయడమే నడపడం," అన్నారు విశ్వంభరరావు. "మీరు రాయకముందు ఆ అరవై రెండు మిల్లీమీటర్లు ఎక్కడున్నాయి?"

"మా పెరట్లో ఉన్నాయి."

"ప్రభుత్వ రికార్డులో ఉన్నాయా?"

"లేవు బాబూ."

"మరి మీరే తెచ్చినట్టు కదా."

తవిటయ్య కాసేపు ఆలోచించాడు. అందులో తప్పు ఎక్కడుందో దొరకలేదు.

విశ్వంభరరావు బల్ల ముందు నిలబడి, ఈ చివర నుంచి ఆ చివరికి చదివారు. గీత దగ్గర ఆగారు.

"ఈ అట్లాంటిక్ ఏ మండలం?"

లింగమూర్తి ఫైలు తిరగేశాడు. "మన జిల్లాలో లేదండి."

"పక్క జిల్లాలో?"

"అక్కడా లేదండి. మహాసముద్రమండి. అమెరికా పక్కని."

"అయితే మన పరిధి కాదు. పరిధి దాటి చర్య తీసుకుంటే కోర్టులో నిలవదు. ఎడమ సగమే స్వాధీనం చేయండి."

ఎడమ సగం మీద తెల్లగుడ్డ కప్పి, నాలుగు మూలలా లక్కముద్ర వేశారు. వైర్‌లెస్ సెట్టు గురించి నోటీసులో రెండో పేరా ఉంది. జిల్లా వాతావరణం గురించి ఒక్క మాట కూడా సెట్టులో చెప్పకూడదు. చెప్పకుండా చూడటానికి పొద్దున ఏడింటికి, సాయంత్రం నాలుగింటికి లింగమూర్తి పక్కన కూర్చోవాలి. విన్నది విన్నట్టు రాసి పంపాలి. మీరితే సెట్టును కూడా తీసుకుపోతారు. సెట్టు జీపులో పడుతుంది.

వాళ్లు వెళ్లాక తవిటయ్య ఫోను తీశాడు. పొద్దుటి దాకా అండమాన్ దగ్గరున్న వాయుగుండం ఉత్తరంగా, ఒడిశా వైపు పోతూ ఉంది. మధ్యాహ్నం రెండింటికి పడమరకు తిరిగింది. గడియారంలో ముల్లు 1006 దగ్గర ఉంది. పొద్దున 1009. తవిటయ్య పటం మీద వేలితో గీత గీశాడు. గీత గవ్వలపేటలో ఆగింది. గురువారం మధ్యాహ్నం.

పై కేంద్రం నుంచి హెచ్చరిక జిల్లాకు కూడా వచ్చింది. ఆ సంగతి తర్వాత తెలిసింది. జిల్లా దాన్ని పోర్టికో కింద ఉన్న పరికరంతో సరిచూసింది. పరికరం సున్నా చూపించింది. 'తేడాకు కారణములు తెలుపగలరు' అని హెచ్చరికను వెనక్కి పంపారు.

"ఏటి సేస్తావు?" అంది పోలమ్మ.

"సెప్తే సెట్టు తీసుకుపోతారు. సెట్టు పోతే సెప్పడానికేటీ ఉండదు."

"సెప్పకపోతే?"

తవిటయ్య బల్ల దగ్గరికి వెళ్లాడు. తెల్లగుడ్డను చూశాడు. కుడి సగం చూశాడు. సుద్దముక్క తీసుకుని అక్కడున్నది చెరిపి ఇలా రాశాడు: 'అట్లాంటిక్. పీడనం 1006. తుఫాను పడమరకు తిరిగింది. గురువారం మధ్యాహ్నం తీరం దాటును. అట్లాంటిక్ పడవలు వెంటనే వెనక్కి రావలెను.'

పోలమ్మకు చదువు రాదు. చదివించుకుని, "ఓలమ్మా," అంది. ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టి, బుట్ట దించి కూర్చుంది.

సాయంత్రం నాలుగింటికి లింగమూర్తి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. తవిటయ్య బల్ల మీదున్నది సెట్టులో చదివాడు. లింగమూర్తి రాసుకున్నాడు.

సెట్టులో కొర్లయ్య గొంతు వచ్చింది.

"బావా! అట్లాంటిక్ గోల మాకెందుకు? ఇక్కడ వల్లోన కవళ్ల సేపలు ఇరగదీసి పడతన్నాయి. మన సంద్రం సెప్పు."

"మన సంద్రం సెప్పకూడదురా. ప్రభుత్వం తీసుకుంది."

"సంద్రాన్నా?"

"ఎడం పక్కది."

"తాగినావేటి బావా?" అని కొర్లయ్య సెట్టు కట్టేశాడు.

బుధవారం పొద్దున ఏడింటికి ముల్లు 1003. తవిటయ్య మళ్లీ చదివాడు. ఈసారి అట్లాంటిక్ పడవలు ఎన్నో కూడా చెప్పాడు. పద్నాలుగు. కొర్లయ్య, "పాపం, ఆళ్లూ మనలాగే పద్నాలుగే," అన్నాడు. వల వేసే పని ఉందని వెళ్లిపోయాడు.

ఈలోగా లింగమూర్తి రిపోర్టు జిల్లా కేంద్రానికి చేరింది. విన్నది విన్నట్టే ఉంది. అట్లాంటిక్‌లో తుఫాను. గురువారం తీరం దాటును. పడవలు పద్నాలుగు.

విశ్వంభరరావు దాన్ని రెండుసార్లు చదివారు. పది గంటలకు అత్యవసర సమావేశం పెట్టారు. రెండు నెలలకు పైగా జిల్లాలో విపత్తు సిబ్బంది ఖాళీగా ఉంది. జిల్లాలో వాన లేదు, గాలి లేదు, కాబట్టి విపత్తు లేదు. ఇప్పుడొకటి దొరికింది. పైగా అది జిల్లా వాతావరణంతో ఎక్కడా విభేదించడం లేదు.

"మిగతా జిల్లాలు తమ తుఫానులకే సంసిద్ధమవుతాయి," అన్నారాయన. "పరాయి సముద్రపు తుఫానుకు సంసిద్ధమైన తొలి జిల్లా మనది కావాలి."

బల్ల చివర కూర్చున్న వైద్యాధికారి చెయ్యెత్తాడు. "బాధితులు అక్కడి నుంచి ఇక్కడికి ఎలా వస్తారండి?"

"రావడం వారి బాధ్యత. సంసిద్ధంగా ఉండటం మన బాధ్యత. రెండూ కలపకండి."

సమావేశం నలభై నిమిషాల్లో ముగిసింది. రెండు వందల దుప్పట్లు, అయిదు వందల పులిహోర పొట్లాలు, కొవ్వొత్తులు, ఒక అంబులెన్సు. శిబిరం ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. సమాచారం ఎక్కడి నుంచి వచ్చిందో అక్కడే పెట్టాలన్నారు. గవ్వలపేటలో తుఫాను షెల్టరు ఉంది. తుఫాన్లు లేని జిల్లాలో అదెందుకని ఆగస్టులో తాళం వేశారు. ఆ తాళం తీయడానికి ఉత్తర్వు వెలువడింది. అందులో మూడో షరతు: 'సదరు శిబిరమునందు అట్లాంటిక్ వాస్తవ్యులకు మాత్రమే ప్రవేశము. జిల్లా వాస్తవ్యులకు తుఫాను లేనందున ప్రవేశము లేదు.'

బుధవారం సాయంత్రం నాలుగింటికి ముల్లు 1000. లింగమూర్తి కాగితం తీశాడు. పోలమ్మ వచ్చి సెట్టు పక్కన నిలబడింది.

తవిటయ్య ఈసారి బల్ల మీదున్నది చదవలేదు.

"అట్లాంటిక్ సమాచారం," అన్నాడు. "అట్లాంటిక్‌లో ఒక సరంగు ఉన్నాడు. ఆదివారం ఆరు రోజుల ఐసు ఎక్కించుకుని ఎల్లాడు. ఎడం సెవి కింద పుట్టుమచ్చ ఉంటాది. సిన్నప్పుడు ఆళ్ల అప్ప గంజి కుండ ఆడే పగలగొట్టి, నేరం పిల్లి మీద పెట్టినాడు."

సెట్టులో గరగర తప్ప ఏమీ రాలేదు. లింగమూర్తి 'పిల్లి' అని రాసి, కలం ఆపాడు.

కొంచెంసేపటికి కొర్లయ్య అడిగాడు. గొంతు మారింది.

"బావా. ఆ అట్లాంటిక్ సరంగుకి అప్ప ఉందేటి?"

"ఉంది. ఎండుసేపలమ్ముతాది."

"ఏటంటంది?"

పోలమ్మ ముందుకు వంగింది. "అట్లాంటిక్ ఎదవా! రేపు మజ్జానానికి రేవులోన లేకపోతే కాళ్లిరగ్గొడతానంటంది. కవళ్లు సంద్రంలోనే ఉంటాయి, ఎక్కడికీ పోవంటంది. బేగి రమ్మంటంది."

"ఒచ్చేస్తన్నాడని సెప్పు," అన్నాడు కొర్లయ్య. "పదమూడు పడవల్నీ ముందు పంపించి, ఆడు ఎనకాల వస్తాడని సెప్పు."

లింగమూర్తి రాసుకున్నాడు. రాసింది చదివి వినిపించాడు: 'అట్లాంటిక్ సరంగు బయలుదేరుచున్నాడు. ఆయన సోదరి ఆందోళన చెందుచున్నది.' తర్వాత కాగితం మడిచి, "మీ యావిడ గారిని నేను అట్లాంటిక్‌లోనే రాశానండి," అన్నాడు. ఆయన ముఖంలో ఏమీ కనపడలేదు.

గురువారం పొద్దున తొమ్మిదిన్నరకు ముల్లు 995. వాన అప్పటికే మొదలైంది. విశ్వంభరరావు జీపు, దుప్పట్ల లారీ, అంబులెన్సు షెల్టరు ముందు ఆగాయి. షెల్టరు మేడ మీద బ్యానరు కట్టారు: 'అట్లాంటిక్ తుఫాను బాధితులకు జిల్లా యంత్రాంగం స్వాగతం పలుకుతోంది.' పది గంటల అయిదు నిమిషాలకు బ్యానరు మేడ మీది నుంచి లేచి, రేవు దాటి, ఊరి వెనక సరుగుడు తోటలో పడింది.

"గాలి ఒచ్చీసింది బాబూ," అంది పోలమ్మ.

"అది గాలి కాదమ్మా."

"మరేటి?"

"ధ్రువీకరణ కాని వాయు చలనం." విశ్వంభరరావు జిల్లా కేంద్రానికి ఫోను చేశారు. "రీడింగు ఎంత?"

అవతలి మనిషి ఏమన్నాడో ఫోను స్పీకరులో అందరికీ వినపడింది. "సున్నా సార్. గిన్నెలు కదల్లేదు సార్. పెట్టె మీద మాత్రం ఏదో రేకు పడింది సార్. రేకు ఎక్కడిదో విచారిస్తున్నాం."

అప్పటికి ఊరు షెల్టరు ముందుకు చేరింది. పిల్లలు, ముసలివాళ్లు, మూటలు, మేకలు. లింగమూర్తి గుమ్మంలో బల్ల వేసుకుని రిజిస్టరు తెరిచాడు. పేరు, వయసు, ఊరు, సంతకం.

"అట్లాంటిక్ వాస్తవ్యులకు మాత్రమే," అన్నారు విశ్వంభరరావు. "ఉత్తర్వు స్పష్టంగా ఉంది."

పోలమ్మ బుట్ట నెత్తి మీంచి దించింది. "మేం అట్లాంటికోళ్లమే. రాసీ లింగమూర్తి బాబూ."

"రుజువు?" అన్నారు విశ్వంభరరావు.

"తుఫానుకి తడిసిపోయి ఒచ్చినాం. మీ జిల్లాలోన తుఫాను లేదు కదేటి? మరి మేం ఏ సంద్రం నుంచి ఒచ్చినట్టు?"

విశ్వంభరరావు మంగళవారం తవిటయ్య చేసినట్టే, కాసేపు ఆలోచించారు. అందులో తప్పు ఎక్కడుందో ఆయనకూ దొరకలేదు.

లింగమూర్తి రాశాడు. ఒకటో నంబరు, చింతపల్లి పోలమ్మ, యాభై, అట్లాంటిక్. ఆ తర్వాత వరుసగా రాస్తూ పోయాడు. ఒక ముసలాయన తన ఊరు పేరు పలకలేక రెండుసార్లు 'అంట్లాటిక్' అన్నాడు. వెనకున్న మనవరాలు సరిచేసింది. ఎనభై ఎనిమిదో నంబరు జీపు డ్రైవరు. అప్పటికి రెండు పులిహోర పొట్లాలు తిన్నాడు.

తవిటయ్య షెల్టరుకు రాలేదు. రేవు గట్టున, ఐసు ఫ్యాక్టరీ వసారాలో నిలబడి పడవలు లెక్కపెడుతున్నాడు. పదకొండింటికి నాలుగు. పదకొండున్నరకు తొమ్మిది. పన్నెండూ నలభైకి పదమూడు. పదమూడో పడవ వాళ్లు తాళ్లు కట్టి, చెయ్యి ఊపుతూ షెల్టరుకు పరుగెత్తారు.

"కొర్లయ్య?" అని అరిచాడు తవిటయ్య.

"ఎనకాలున్నాడు మావా! ఇంజిన్లోకి నీరొచ్చింది. తోడుకుంటా ఒస్తన్నాడు!"

సెట్టు ఆన్ చేశాడు. గరగర. ముల్లు 990.

ఒంటిగంటకు కొబ్బరిచెట్టు ఒకటి విరిగి జీపు మీద పడింది. జీపులో ఎవరూ లేరు. విశ్వంభరరావు షెల్టరు గోడ వారన నిలబడి ఫోనులో రీడింగు అడుగుతున్నారు. చెట్టు పడ్డాక ఫోను జేబులో పెట్టి గుమ్మం వైపు నడిచారు.

లింగమూర్తి లేచి నిలబడ్డాడు.

"సార్. జిల్లా వాస్తవ్యులకు ప్రవేశం లేదండి."

"నేను ప్రత్యేకాధికారిని."

"అవునండి. మూడో షరతు మీ సంతకంతోనే వచ్చిందండి. నేను మీరితే మెమో వస్తుందండి."

షెల్టరులోంచి మూడు వందల తొంభై ఆరుగురు చూస్తున్నారు. రేకు ఒకటి వాళ్లిద్దరి మధ్య నుంచి ఎగిరిపోయింది. పోలమ్మ లోపలి నుంచి అంది, "రాసీ బాబూ. ఆయనా మన సంద్రపోడే."

విశ్వంభరరావు కలం తీసుకున్నారు. పేరు రాశారు. వయసు రాశారు. మూడో గడి దగ్గర కలం ఆగింది. ఆకాశం వైపు చూశారు. రాశారు. లింగమూర్తి ఆయనకు ఒక దుప్పటి, ఒక పొట్లం ఇచ్చాడు.

పొట్లం ఆయన విప్పలేదు. కాసేపటికి గుమ్మం దగ్గరికి వచ్చి, పోలమ్మ పక్కన నిలబడి సముద్రం వైపు చూశారు.

"ఎంతమంది రావాలమ్మా?"

"ఆరుగురు. అందులోన ఒకడు నా తమ్ముడు."

ఆయన దుప్పటి ఆమెకిచ్చారు.

ఒంటిగంట యాభై నిమిషాలకు పద్నాలుగో పడవ రేవు ముఖంలో కనపడింది. ఇంజిను ఆగిపోయింది. అల తోసుకొస్తూ ఉంది. తవిటయ్య మోకాలి లోతు నీళ్లలోకి దిగాడు. తాడు విసిరారు. మొదటిసారి అందలేదు. రెండోసారి అందింది. పదమూడు పడవల వాళ్లు షెల్టరు నుంచి దిగివచ్చి తాడు పట్టుకున్నారు. విశ్వంభరరావు కూడా పట్టుకున్నారు. పట్టుకున్నప్పుడు ఆయన చెప్పులు పోయాయి.

ఆరుగురూ దిగారు. కొర్లయ్య ఆఖర్న దిగి, బావ భుజం మీద చెయ్యి వేశాడు.

"బావా. పిల్లి సంగతి సెట్టులోన పద్నాలుగు పడవలూ ఇన్నాయి."

"గడియారం అబద్ధం సెప్పదురా. మీ అప్పా సెప్పదు."

గుమ్మం దగ్గర లింగమూర్తి ఊరు అడిగాడు.

"గవ్వలపేట," అన్నాడు కొర్లయ్య. "సొంతూరు సెప్పడానికి నాకు బయమేటి?"

"అట్లాంటిక్ అని రాయండి," అన్నారు వెనక నుంచి విశ్వంభరరావు. ఆయన ప్యాంటు నుంచి నీళ్లు కారుతున్నాయి. "గవ్వలపేటలో తుఫాను లేదు."

కొర్లయ్య వెనక తవిటయ్య సంతకం పెట్టాడు. అందరి తర్వాత లింగమూర్తి తన పేరు తనే రాసుకుని, తలుపు మూశాడు. రెండు గంటల పది నిమిషాలకు తుఫాను గవ్వలపేట దగ్గర తీరం దాటింది. తవిటయ్య గడియారంలో ముల్లు 986 దాకా దిగింది.

సాయంత్రం ఆరు గంటలకు జిల్లా కేంద్రం నుంచి బులెటిన్ వచ్చింది. వాన సున్నా. గాలి సున్నా. జిల్లా అంతటా పొడి వాతావరణం.

శుక్రవారం ఉదయం శిబిరం రిజిస్టరు జిల్లా కేంద్రానికి బయల్దేరింది. పేర్లు నాలుగు వందల అయిదు. ఊరు గడిలో అందరికీ అట్లాంటిక్ అనే ఉంది.

ఏడు గంటలకు తవిటయ్య బల్ల దగ్గరికి వెళ్లాడు. తెల్లగుడ్డ ఎగిరిపోయింది. లక్కముద్రలు నాలుగూ గోడకే ఉన్నాయి. ఎడమ సగాన్ని అతను ముట్టుకోలేదు. కుడి సగాన్ని చొక్కా చేత్తో తుడిచి, సుద్దముక్క తడిగా ఉంటే ఊది, ఇలా రాశాడు:

'అట్లాంటిక్. పీడనం 1004. తుఫాను దాటింది. పడవలు 14. మనుషులు 84. అందరూ ఉన్నారు.'